డిమెన్షియా పరిశోధకుల పని విలువ దేనితో కొలవాలి? డా. సువర్ణ అల్లాడి గారి పరిశోధన మీద చర్చ

పానగల్లు_టీచర్ (నల్గొండ)

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఆ రోజు మా డిగ్రీ కాలేజీలో ఒక గంట సభ పెట్టాం. ఒక పరిశోధకురాలి గురించి, ఆమె పని వల్ల లోకంలో ఏం మారిందనే దాని గురించి నేను మాట్లాడాలి. డా. సువర్ణ అల్లాడి గారిని ఎంచుకున్నాను. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్‌గా చేసి, తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్‌కు వెళ్ళిన డాక్టరు.

తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. 2013లో ఆమె బృందం "న్యూరాలజీ" పత్రికలో ఒక వ్యాసం అచ్చువేసింది. నిమ్స్ మెమరీ క్లినిక్‌లో డిమెన్షియా (మతిమరుపు, ఆలోచనాశక్తి తగ్గడం లాంటి లక్షణాలతో వచ్చే మెదడు జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) అని తేలిన 648 మంది కేసు షీట్లు తీసి చూశారు. అందులో 391 మంది రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ భాషలు మాట్లాడేవాళ్ళు. ఒకే భాష వచ్చిన వాళ్ళతో పోలిస్తే వీళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి ముఖం చూడని వాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది.

మా స్టాఫ్‌రూంలో ఒకాయన "హెచ్-ఇండెక్స్ ఎంతో, సైటేషన్లు ఎన్నో ఒక స్లైడ్‌లో పెట్టు, ప్రభావం అంటే అదే" అన్నారు. నాకు అంతటితో ఆపాలని లేదు. కింద కూర్చునే పిల్లల్లో సగం మంది చండూరు, మునుగోడు, దేవరకొండ వైపు వాళ్ళు. ఇంటికి పోతే తాతో నాయనమ్మో ఉంటారు. వాళ్ళకు ఈ పని విలువ ఎట్లా చెప్పాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలాయన (హైదరాబాద్, సొంతూరు మిర్యాలగూడ)

మేడం, స్లైడ్ పెట్టండి, కానీ అదేం చెబుతుందో, ఏం చెప్పదో కూడా పిల్లలకు చెప్పండి. హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒకరి వ్యాసాల్లో 30 వ్యాసాలకు ఒక్కోదానికి కనీసం 30 చొప్పున సైటేషన్లు (వేరే వ్యాసాలు దాన్ని ఉదహరించిన సార్లు) ఉంటే, ఆయన హెచ్-ఇండెక్స్ 30. అంతే లెక్క.

చిక్కు ఎక్కడంటే, ఈ అంకె వయసుతో పెరుగుతుందే కానీ తగ్గదు. ఎక్కువమంది పనిచేసే రంగంలో ఊరికే పెరుగుతుంది. వ్యాసంలో మొదటి పేరు ఎవరిది, నడుమ పేరు ఎవరిది అని అడగదు. తప్పుపడుతూ రాసినా, మెచ్చుకుంటూ రాసినా సైటేషన్ సైటేషనే. ఇద్దరి అంకెలు పక్కపక్కన పెట్టి ఈమె గొప్ప, ఆయన తక్కువ అనడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి. డిమెన్షియా రంగంలో బాగా ఎక్కువగా ఉదహరించిన వ్యాసాల్లో 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి రాసిన చిన్న పరీక్ష ఒకటి. ఎంఎంఎస్ఈ అంటారు. మొత్తం 30 మార్కులు. కొత్త మందును గానీ, కొత్త సిద్ధాంతాన్ని గానీ అది తేలేదు. డాక్టరు మంచం పక్కన కూర్చుని పది నిమిషాల్లో అడగగలిగే ప్రశ్నలు ఇచ్చింది. అందరికీ పనికొచ్చింది కాబట్టి అందరూ ఉదహరించారు. సైటేషన్ ఎందుకొచ్చిందో చూడాలి, ఎన్ని వచ్చాయన్నది ఆ తర్వాత.

నరాల_డాక్టర్ (మహబూబ్‌నగర్)

మంచి అంశం ఎత్తుకున్నారు మేడం. ఆ 2013 వ్యాసం విలువ తెలియాలంటే దానికి ముందు ఏం జరిగిందో తెలియాలి.

2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం ఇదే ప్రశ్న వేసింది. 184 మంది రోగులను చూసి, రెండు భాషల వాళ్ళలో లక్షణాలు సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని చెప్పింది. పెద్ద వార్త అయింది. వెంటనే ఒక అభ్యంతరం లేచింది. కెనడాలో రెండు భాషలు వచ్చిన వాళ్ళు ఎక్కువగా వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు. దేశం దాటి వచ్చి నిలదొక్కుకున్న మనిషి ఆరోగ్యం, తిండి, ధైర్యం, బతికిన తీరు అన్నీ వేరుగా ఉంటాయి. ఆ ఆలస్యం భాష వల్లా, వలస వల్లా? తేల్చడం కష్టం. చదువు సంగతీ అంతే. చాలా దేశాల్లో రెండో భాష బడిలోనే వస్తుంది. అప్పుడు అది చదువు ఫలితమా, భాష ఫలితమా?

ఈ రెండు ముళ్ళూ విప్పడానికి హైదరాబాద్ లాంటి చోటు కావాలి. ఇక్కడ పుట్టి ఇక్కడే పెరిగినవాళ్ళు ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడతారు. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్ళు బయట తెలుగు మాట్లాడతారు. వలస అక్కర్లేదు, బడీ అక్కర్లేదు. ఒక్క అక్షరం రాని మనిషి రెండు భాషల్లో బేరం ఆడగలడు. అలాంటి మనుషులను విడిగా తీసి చూడగలిగారు కాబట్టే ఆ వ్యాసానికి అంత బరువు వచ్చింది. ఒకే భాష వాళ్ళలో సగటున 61 ఏళ్ళకు మొదలైన లక్షణాలు, రెండు భాషల వాళ్ళలో 65 దాటాక మొదలయ్యాయి. చదువు, ఆడ-మగ, వృత్తి, పల్లె-పట్నం ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలబడింది.

అల్జీమర్స్ ఒక్కదానిలోనే కాదు, మెదడు రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియాలోనూ, మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసే ఫ్రంటోటెంపోరల్ రకంలోనూ ఈ ఆలస్యం కనిపించింది.

పేట_నేత (నారాయణపేట)

డాక్టర్ గారూ, ఇది చదువుతుంటే మా నాయనమ్మే కళ్ళముందు కనబడింది. కూరగాయలు అమ్మేది. గంప దించి కూర్చుంటే యాద్గిర్ వైపు నుంచి వచ్చినవాళ్ళతో కన్నడం, కమీషన్ ఏజెంటుతో ఉర్దూ, మాతో తెలుగు, పక్క గంపామెతో మరాఠీ. ఒక మనిషికి చిల్లర ఇస్తూ ఇంకో మనిషికి ధర చెప్పేది. ఆ రెండూ వేరు వేరు భాషల్లో. సంతకం రాదు, వేలిముద్రే. మా పేటలో ఇది వింతేమీ కాదు. సరిహద్దు ఊరు, మగ్గాల ఊరు. నాలుగు భాషలు చెవిన పడకుండా ఒక్క పూట గడవదు.

నాకు ఒక సందేహం. రెండు భాషలకు నాలుగున్నర ఏళ్ళైతే, నాలుగు భాషలకు ఇంకా ఎక్కువ లాభం ఉండాలి కదా?

నరాల_డాక్టర్ (మహబూబ్‌నగర్)

మంచి ప్రశ్న అన్నా. వాళ్ళూ అదే చూశారు. రెండుకు మించి భాషలు వచ్చినందువల్ల అదనపు లాభం కనిపించలేదని వ్యాసంలోనే రాశారు.

ఎందుకనే దానికి ఇప్పటికి ఉన్న ఆలోచన ఇది. రెండు భాషలు వచ్చిన మనిషి నోరు తెరిచిన ప్రతిసారీ మెదడు ఒక భాషను ఆపిపెట్టి ఇంకోదాన్ని బయటికి వదలాలి. ఎదుటి మనిషిని బట్టి క్షణంలో మార్చాలి. దృష్టి నిలపడం, అక్కర్లేనిదాన్ని అణచడం అనే పనులకు అది రోజంతా సాధన. మీ నాయనమ్మ గంప దగ్గర చేసింది అదే. ఒకటి నుంచి రెండుకు వచ్చేసరికి ఆ సాధన మొదలవుతుంది. మూడోది, నాలుగోది చేరినా పని తీరు అదే.

యాకోవ్ స్టెర్న్ అనే అమెరికా శాస్త్రవేత్త "కాగ్నిటివ్ రిజర్వ్" అనే భావనను బాగా ముందుకు తెచ్చాడు. జబ్బు మెదడులో తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, కానీ జీవితమంతా చదువుతో, పనితో, మనుషులతో వాడిన మెదడు ఆ నష్టాన్ని ఇంకొంత కాలం తట్టుకుంటుంది, లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. హైదరాబాద్ ఫలితం ఆ ఆలోచనకు చక్కగా సరిపోతుంది.

అడ్డుప్రశ్న (సూర్యాపేట)

అందరూ మెచ్చుకుంటున్నారు, బాగుంది. కానీ సభలో పిల్లలకు చెప్పేటప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి.

ఒకటి, ఇది క్లినిక్‌కు వచ్చిన రోగుల లెక్క. క్లినిక్ దాకా రానివాళ్ళ సంగతి ఇందులో లేదు. ఊళ్ళో ఎవరొస్తారు, ఎవరు రారు అన్నదానికి డబ్బు, బస్సు, కొడుకు తీరిక అన్నీ ఉంటాయి. రెండు, జబ్బు ఎప్పుడు మొదలైందన్నది ఇంటివాళ్ళు గుర్తుతెచ్చుకుని చెప్పిన మాట. మూడు, 2017లో ముకదం, లివింగ్‌స్టన్ తదితరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఇలా వెనక్కి తిరిగి చూసే అధ్యయనాల్లో లాభం కనిపిస్తోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ముందే ఎంచుకుని ఏళ్ళ తరబడి వెంట ఉండి చూసిన అధ్యయనాల్లో మాత్రం రెండు భాషల వాళ్ళకు డిమెన్షియా తక్కువ వస్తుందని తేలలేదు. ఇది చిన్న అభ్యంతరం కాదు.

"రెండు భాషలు నేర్చుకోండి, డిమెన్షియా రాదు" అని వాట్సాప్‌లో తిరిగే మాట పిల్లలు నమ్మి ఇంటికి మోసుకుపోకూడదు.

నరాల_డాక్టర్ (మహబూబ్‌నగర్)

మీరు చెప్పిన మూడూ సరైన అభ్యంతరాలే సార్. ఒక మాట కలుపుతాను. జబ్బు రాకుండా ఉండటం వేరు, వచ్చే జబ్బు ఆలస్యంగా బయటపడటం వేరు. హైదరాబాద్ వ్యాసం చెప్పింది రెండోదే. ముందునుంచి వెంట ఉండి చూసిన వాటిలో ఎక్కువ భాగం మొదటిదాన్ని కొలిచాయి. వాటిలోనూ కొన్ని అమెరికాలో వలస వచ్చిన స్పానిష్ భాషీయుల మీద చేసినవి. మన దగ్గరి జీవితానికి అవి అచ్చంగా సరిపోవు. అయినా ప్రశ్న ఇంకా తేలలేదన్న మాట మాత్రం నిజం.

అల్లాడి గారి బృందం ఒక్క వ్యాసంతో ఆగలేదన్నది నాకు ముఖ్యం. 2016లో "స్ట్రోక్" పత్రికలో ఇంకో అధ్యయనం వచ్చింది. పక్షవాతం వచ్చిన 608 మందిని చూశారు. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషల వాళ్ళలో 40 శాతం పైన ఉంటే, ఒకే భాష వాళ్ళలో 20 శాతం లోపే. పక్షవాతం ఫలానా రోజు వచ్చిందని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అందువల్ల "ఎప్పుడు మొదలైందో ఇంటివాళ్ళ మాటే కదా" అన్న అభ్యంతరం ఇక్కడ చాలావరకు పోతుంది.

తర్వాత ఫ్రంటోటెంపోరల్ రకాన్ని విడదీసి చూసి, ప్రవర్తన మారిపోయే రూపంలో ఆలస్యం ఉంది, మాట పడిపోయే రూపంలో లేదు అని చెప్పారు. తమ సిద్ధాంతం ఎక్కడ పనిచేయదో తామే వెతికి అచ్చువేసిన వాళ్ళ మీద నాకు గౌరవం ఎక్కువ. మీ స్లైడ్‌లో ఇది తప్పకుండా పెట్టండి మేడం.

జడ్చర్ల_కోడలు (జడ్చర్ల)

నేను చదువుకున్న డాక్టర్ని కాను, మా అత్తమ్మను చూసుకుంటున్న మనిషిని. మీ చర్చ మొత్తం చదివాను. నాకు తెలిసింది చెబుతా.

అత్తమ్మ పొయ్యి మీద పాలు పెట్టి బయటికి పోయి కూర్చునేది. పింఛను డబ్బులు బియ్యం డబ్బాలో పెట్టి, ఎవరో ఎత్తుకుపోయారని నా మీద అరిచేది. ఇంట్లో అందరూ "ముసలితనం, మామూలే" అన్నారు. ఒక ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడ ఒక అబ్బాయి కాగితం పట్టుకుని అడిగాడు. ఈరోజు తారీఖు ఎంత? 100లో నుంచి 7 తీసేస్తే ఎంత? మళ్ళా 7 తీసేస్తే? కాగితం మీద ఒక వాక్యం చూపించి, చదివి అందులో ఉన్నట్టు చెయ్యమన్నాడు. తర్వాత ఒక వాక్యం రాయమని పెన్ను చేతికిచ్చాడు.

అత్తమ్మ ఆ పెన్ను తిప్పి తిప్పి చూసి నా చేతిలో పెట్టింది. తలకాయ వంచుకుంది. ఆమెకు చదువు రాదు. ఇంగ్లీషు తారీఖుతో ఆమెకు ఏనాడూ పని పడలేదు. అమావాస్య ఎప్పుడు, కురుమూర్తి జాతర ఎప్పుడు అని అడిగితే చెప్పేది. వాళ్ళు మార్కులు వేసి, జబ్బు బాగా ముదిరిందని రాశారు. ముదరలేదు. అప్పుడు ఆమెకు మనుషులందరూ గుర్తున్నారు. కొన్నాళ్ళకు ఇంకో చోట తెలుగులో నింపాదిగా మాట్లాడి చూసిన డాక్టరమ్మ "మొదటి దశ" అని చెప్పింది. థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించింది, చెవులు చూపించమంది. ఒక చెవి సరిగా వినబడటం లేదని అప్పుడే మాకు తెలిసింది.

పరిశోధకుల ప్రభావం అంటే నాకు అర్థమయ్యేది ఒకటే. ఆ పెన్ను మా అత్తమ్మ చేతికి ఇవ్వకుండా ఉండే పరీక్ష ఎవరైనా తయారుచేశారా?

మనసుబడి (హైదరాబాద్, సొంతూరు వనపర్తి)

అక్కా, చేశారు. నేను క్లినికల్ సైకాలజీ వైపు పనిచేస్తాను. ఇది నా రోజువారీ పని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మీ అత్తమ్మను అడిగింది పైన లెక్కలాయన చెప్పిన ఎంఎంఎస్ఈ పద్ధతి. అది అమెరికాలో బడికి పోయిన మనుషుల కోసం తయారైంది. దాన్ని మన పల్లె మనుషులకు సరిపడేలా మార్చే పని 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ ఊళ్ళలో జరిగింది. మేరీ గంగూలీ, విజయ్ చంద్ర తదితరులు చేశారు. ఆ హిందీ పరీక్ష చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 100లోంచి 7 తీసేయడం బదులు 20లోంచి 3 చొప్పున తీసేయమన్నారు. అదీ రానివాళ్ళను వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నారు. "కళ్ళు మూసుకో" అన్న వాక్యం చదివించడం బదులు, "నా ముఖం చూడు, నేను చేసినట్టే చెయ్యి" అని తామే కళ్ళు మూసుకుని చూపించారు. వాక్యం రాయమనే బదులు, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. పెన్ను అవసరమే లేదు. మనిషికి చదువు రాకపోవడాన్ని జబ్బుగా లెక్కవేయకుండా జబ్బును మాత్రమే పట్టుకోవాలన్నది వాళ్ళ పట్టుదల.

రెండో దారి ఏసీఈ అనే పరీక్ష. జ్ఞాపకం, భాష, దృష్టి అన్నిటినీ విడివిడిగా చూస్తుంది. 2000లో కేంబ్రిడ్జ్‌లో జాన్ హాడ్జెస్ బృందం దాన్ని ప్రకటించినప్పుడు వ్యాసంలో మొదటి పేరు మథురనాథ్ అనే మన కేరళ డాక్టరుది. తర్వాత అది మలయాళంలోకి వచ్చింది, తెలుగులోకీ వచ్చింది. తెలుగు రూపం వెనుక నిమ్స్ మెమరీ క్లినిక్ పని, అల్లాడి గారి పని ఉంది. మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న ఆ 648 కేసులు కూడా అలా మన భాషలో మనుషులను పరీక్షించే అలవాటు ఉన్న క్లినిక్ నుంచి వచ్చినవే.

ఆ తర్వాత ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తరఫున దేశంలో అనేక కేంద్రాలు కలిసి ఒక పరీక్షల పెట్టె తయారుచేశాయి. తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళం అని ఐదు భాషల్లో. చదువుకున్నవాళ్ళకూ, చదువు రానివాళ్ళకూ. దాని రూపకల్పనలోనూ ఆమె ముందున్నారు.

మేడం, మీ గంటలో సగం దీనికి ఇవ్వండని నా మనవి. రెండు భాషల వ్యాసం పేపర్లలో వచ్చింది కాబట్టి అందరికీ తెలుసు. ఈ పరీక్షల పని మీద ఏ పేపరూ పెద్ద హెడ్డింగ్ పెట్టదు. ఒక్కో ప్రశ్న తీసుకుని ఊళ్ళో ముసలామెకు అర్థమవుతుందా లేదా చూసి, మార్చి, మళ్ళా వందల మంది మీద సరిచూసే పని అది.

జడ్చర్ల_కోడలు (జడ్చర్ల)

"నా ముఖం చూడు, నేను చేసినట్టే చెయ్యి." ఇదైతే మా అత్తమ్మ ఇప్పుడు కూడా చేస్తుంది. ఇంతకుముందే చేసి చూశాను. థాంక్స్ తమ్ముడూ.

కనగల్_రాజు (కనగల్)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు మతిమరుపు ఎక్కువ వస్తుందని ఎవరో అన్నారు. నిజమేనా?

నరాల_డాక్టర్ (మహబూబ్‌నగర్)

రాజు గారూ, ఫ్లోరోసిస్ పళ్ళను, ఎముకలను, కీళ్ళను దెబ్బతీస్తుంది. నడుము వంగిపోవడం, వెన్నుపూస దగ్గర నరాలు నొక్కుకుపోయి కాళ్ళు బలహీనపడటం మనం చూశాం. ముసలితనంలో మతిమరుపు కనబడితే ఫ్లోరైడ్ ఖాతాలో వేసి ఊరుకోవద్దు. బీపీ, షుగర్, థైరాయిడ్, బీ12, వినికిడి, చూపు, మనోవేదన, ఈ మధ్య ఎప్పుడైనా కిందపడి తలకు దెబ్బ తగిలిందా అన్నది, ఇవన్నీ చూపించండి. వీటిలో కొన్ని సరిచేస్తే మనిషి చాలావరకు తేరుకుంటాడు.

లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో 14 కారణాలు లెక్కగట్టి, వాటిని అదుపులో పెట్టగలిగితే లోకంలో డిమెన్షియాలో 45 శాతం దాకా ఆపవచ్చు లేదా వాయిదా వేయవచ్చు అంది. అందులో చిన్నప్పటి చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం ఉన్నాయి. బీపీ మాత్ర మానేసినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో మీకు నేను చెప్పాలా?

లెక్కలాయన (హైదరాబాద్, సొంతూరు మిర్యాలగూడ)

ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేశారు. దాని పేరే "నల్గొండ టెక్నిక్". విదేశాల్లో కూడా పాఠ్యపుస్తకాల్లో మన జిల్లా పేరుతోనే చదువుతారు. తర్వాత కృష్ణా నీళ్ళు కుళాయిల్లోకి వచ్చాక దాని అవసరం తగ్గింది. పిల్లలకు ఇది ఉదాహరణగా చెప్పవచ్చు మేడం. పరిశోధన ప్రభావాన్ని ఒక జిల్లా తన ఇంటి బిందెలో చూసుకున్న సందర్భం అది.

వలసబతుకు (పుణె, సొంతూరు కోస్గి వైపు)

పుణెలో కన్‌స్ట్రక్షన్ సైట్ సూపర్‌వైజర్‌ని. మా పాలమూరు వాళ్ళ గురించి ఒక మాట. పని కోసం ముంబై, పుణె పోయినవాళ్ళందరికీ హిందీ, మరాఠీ వచ్చు. బడిలో నేర్చింది కాదు, సైటు మీద నేర్చింది. పైన వ్యాసం నిజమైతే మా వాళ్ళకు మంచిదే. కానీ ఊళ్ళో మిగిలింది ఎవరు? అమ్మానాన్నలు. ఏడాదికి ఒకసారి, రెండుసార్లు పోయి చూస్తాం. ఫోన్లో "తిన్నావా, పన్నావా" అంటే "తిన్నా, పన్నా" అంటారు. ఆ రెండు మాటలతో ఏం తెలుస్తుంది? మా బాబాయికి దారి తప్పడం మొదలైన సంగతి పక్కింటివాళ్ళు చెప్పేదాకా వాళ్ళ కొడుకులకు తెలియలేదు.

క్లినిక్‌కు తీసుకుపోయే మనిషే లేని ఇళ్ళ మీద ఎవరైనా పరిశోధన చేశారా?

మనసుబడి (హైదరాబాద్, సొంతూరు వనపర్తి)

అన్నా, మీ ప్రశ్న అడ్డుప్రశ్న గారి మొదటి అభ్యంతరమే, మీరు ఇంటి వైపు నుంచి అడిగారు.

క్లినిక్ కోసం ఎదురుచూడకుండా ఇళ్ళకు పోయి లెక్కతీసిన పెద్ద పని లాసీ-డాడ్. దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వచ్చింది. పల్లెల్లో, ఆడవాళ్ళలో, చదువు లేనివాళ్ళలో ఎక్కువ. అంతకుముందు 2010లో ఏఆర్‌డీఎస్ఐ (డిమెన్షియా రోగుల కోసం పనిచేసే దేశవ్యాప్త సంఘం) నివేదికలో 37 లక్షలని ఉండేది. జనాభా ముసలిదైంది, వెతికే పద్ధతీ మెరుగైంది, రెండూ ఉన్నాయి.

ఇంకొకటి "10/66" బృందం. 1998లో మొదలైంది. పేరు విచిత్రంగా ఉంటుంది. లోకంలో డిమెన్షియా ఉన్నవాళ్ళలో 66 శాతం పేద, మధ్యస్థ దేశాల్లో ఉన్నారు, జనాభా మీద చేసే పరిశోధనలో 10 శాతం కూడా వాళ్ళ మీద జరగడం లేదు, అందుకే ఆ పేరు. మార్టిన్ ప్రిన్స్ నడిపించాడు. మన దేశంలో చెన్నై, వెల్లూరు కేంద్రాలు ఉండేవి. గోవాలో అమిత్ డయాస్ బృందం స్థానికులకు శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపించి చూసింది. ఇంట్లో చూసుకునేవాళ్ళ మనోభారం తగ్గిందని 2008లో చెప్పింది. మీ ఊరికి కావలసింది అదే. మన దగ్గర ఆశా కార్యకర్తలు ఉన్నారు, శిక్షణ లేదు.

మీ బాబాయి సంగతికి ఇప్పటికి ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. చూసుకునేవాళ్ళకే మనసు బరువైతే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

అడ్డుప్రశ్న (సూర్యాపేట)

ఇంకొక్క అభ్యంతరం, ఇదే చివరిది. ఒక్క పేరు పట్టుకుని "ఆమె ప్రభావం" అనడం సైన్సుకు సరిపోదు. 2013 వ్యాసంలో ఎనిమిది పేర్లున్నాయి. ఎడిన్‌బరోలోని థామస్ బాక్ ఉన్నారు, ఉస్మానియా భాషాశాస్త్ర ఆచార్యురాలు దుగ్గిరాల వసంత ఉన్నారు, మెదడు-కంప్యూటర్ శాస్త్రాల మనిషి సూరంపూడి బాపిరాజు ఉన్నారు, నిమ్స్‌లోనే సుభాష్ కౌల్ ఉన్నారు. రోగి ఏ భాష ఎప్పుడు, ఎవరితో మాట్లాడతాడో అడిగి తెలుసుకోవడం న్యూరాలజీ చదివితే రాదు, దానికి భాషాశాస్త్రం వాళ్ళు కావాలి. డాక్టరూ భాషావేత్తా ఒక బల్ల దగ్గర కూర్చోకపోతే ఈ ప్రశ్న పుట్టేదే కాదు. మీ కాలేజీలో తెలుగు డిపార్ట్‌మెంట్ పిల్లలు కూడా ఉంటారు కదా మేడం, వాళ్ళకు చెప్పవలసిన మాట ఇది.

పానగల్లు_టీచర్ (నల్గొండ)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను అడిగింది ఒకటైతే మీరు ఇచ్చింది పది.

ఇప్పుడు నా ఆలోచన ఇలా ఉంది. హెచ్-ఇండెక్స్ స్లైడ్ తీసేస్తున్నాను. ఆ స్థానంలో జడ్చర్ల అక్క చెప్పిన పెన్ను సంగతి, ఆమె ఒప్పుకుంటే పేరు, ఊరు లేకుండా. దాని పక్కన బల్లభ్‌గఢ్ ప్రశ్నలు, తెలుగు ఏసీఈ. తర్వాతే 2013 వ్యాసం. ఎందుకంటే నా మట్టుకు అల్లాడి గారి పనిలో పెద్ద సంగతి నాలుగున్నర ఏళ్ళ అంకె కాదు. ఆ అంకె రేపు ఇంకో అధ్యయనంలో మూడు కావచ్చు, ఏమీ లేదని కూడా తేలవచ్చు. చదువు రాని మనిషిని "లెక్కకు పనికిరాడు" అని పక్కన పెట్టే రంగంలో, సరిగ్గా ఆ మనిషి దగ్గరే లోకానికి చెప్పవలసిన సంగతి ఉందని ఆమె చూపించారు. అక్షరం రాని ముసలామె బజార్లో మాట్లాడే రెండో భాష ప్రపంచ స్థాయి పత్రికలో సాక్ష్యం అయింది. మా పిల్లలు తమ ఇళ్ళలోని పెద్దవాళ్ళను ఆ కంటితో చూస్తే చాలనుకుంటున్నాను.

బృందం పేర్లన్నీ ఒక స్లైడ్‌లో పెడతాను సార్. పేట అన్నా, మీ నాయనమ్మ గంప సంగతి కూడా వాడుకోవచ్చా?

పేట_నేత (నారాయణపేట)

వాడుకోండి మేడం. ఆమె ఉంటే సంతోషించేది.

జడ్చర్ల_కోడలు (జడ్చర్ల)

నాకూ సరే. పేరు వద్దు.

ఆశా_దేవరకొండ (దేవరకొండ)

మేడం, నేను ఆశా కార్యకర్తను. మొత్తం చదివాను. బీపీ, షుగర్ లిస్టు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాం, మతిమరుపు గురించి అడగమని మాకు ఎవరూ చెప్పలేదు. మీ సభలో చెప్పేది మా వాళ్ళకు కూడా ఒకసారి చెప్పగలరా? నెలవారీ మీటింగు పీహెచ్‌సీలో జరుగుతుంది. మెడికల్ ఆఫీసర్ గారిని నేను అడుగుతా. ఒక అరగంట చాలు.

పానగల్లు_టీచర్ (నల్గొండ)

తప్పకుండా వస్తాను. నేను డాక్టర్ని కాను కాబట్టి మనసుబడి గారు గానీ డాక్టర్ గారు గానీ నాతో ఉంటే బాగుంటుంది.

మనసుబడి (హైదరాబాద్, సొంతూరు వనపర్తి)

ఆదివారం కాకుండా ఏ రోజైనా సరే, తేదీ చెప్పండి. ఆశా అక్కా, పరీక్ష పూర్తిగా నేర్పడం అరగంటలో కాదు, అది శిక్షణ ఉన్నవాళ్ళే చేయాలి. మీకు నేర్పేది ఇంటివాళ్ళను ఏం అడగాలి అన్నది. డబ్బుల లెక్క తప్పుతోందా, తెలిసిన దారి మరిచిపోతోందా, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతోందా, ఇది ఆరు నెలల నుంచా, ఈ వారం నుంచా. వారంలో హఠాత్తుగా మొదలైతే అది వేరే సంగతి, జ్వరమో ఇన్ఫెక్షనో కావచ్చు, వెంటనే ఆస్పత్రికి పంపాలి.

నరాల_డాక్టర్ (మహబూబ్‌నగర్)

అలా గుర్తించినవాళ్ళను నా దగ్గరికి పంపండి, చూస్తాను. మేడం, స్లైడ్ గురించి చివరిగా ఒక్కటి. 4.5 ఏళ్ళు అని రాసేచోట "లక్షణాలు మొదలైన వయసులో తేడా" అని పక్కనే రాయండి. "డిమెన్షియా రాకుండా కాపాడుతుంది" అని ఎక్కడా రాయవద్దు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేది ఆ ఒక్క స్లైడే.

పానగల్లు_టీచర్ (నల్గొండ)

మార్చాను డాక్టర్ గారూ. ఇప్పుడు ఆ వాక్యం అంకె కంటే పెద్ద అక్షరాల్లో ఉంది.